అంకె తక్కువ సిగరెట్

3, సోమవారం

ఈ డైరీ రంగుల కంపెనీవాళ్లు ఏటా మా షాపుకి ఊరికే పంపేది. ప్రతి పేజీ అడుగునా గోడలకి పనికొచ్చే సలహా ఒకటి అచ్చేస్తారు. ఇవాళ్టిది: మొదటి పూత పూర్తిగా ఆరకముందు రెండో పూత వేయరాదు. సిగరెట్ల విషయంలో ఇంత చక్కగా నాకెవరూ చెప్పలేదు.

ఎదురుగా ఉన్న సిగరెట్ కొట్టు పక్కగోడకి ఆరోగ్యశాఖవాళ్లు నిలువెత్తు కాగితం అంటించారు. ఎడమవైపు సిగరెట్ పెట్టెల బొమ్మలు, పైన రసాయనాల పేర్లు, మధ్య గళ్లలో అంకెలు. పొగతాగేవాళ్లంతా పరీక్ష ఫలితాల్లో తమ నంబరు వెతుక్కున్నట్టు దానిమీద పడ్డారు. పేర్లు నోరు తిరక్క అవస్థ పడుతుంటే నేనే ముందుకెళ్లి చదివిపెట్టాను. నలభై ఏళ్లుగా రంగులు కలిపే చెయ్యి ఇది. నా చదువంతా డబ్బాల మీద చదివిందే. అసిటోన్ అంటే రోజూ చేతులు కడుక్కునేది. టాల్యూన్ అంటే థిన్నర్లో ఉండేది. కాడ్మియం లేకపోతే మంచి పసుపే లేదు. సీసం పాతకాలపు తెల్లరంగుకి తల్లిలాంటిది. వీళ్లందరూ నాకు తెలిసినవాళ్లే, ఒకే గదిలో కూర్చుని అన్నం తిన్నవాళ్లమే అని చెప్పాను. అందరూ నవ్వారు. కొన్న పెట్టె వెనక్కిచ్చేయబోతున్న ఒకాయన నా మాటలు విని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. జనానికి ధైర్యం చెప్పడమూ ఒక సేవే.

నేను తాగే ఎర్రపెట్టెకి (అది ఎరుపు కాదు, ఎరుపులో చెంచాడు గోధుమరంగు, కాని చెప్తే ఎవరు వింటారు) అన్ని గళ్లలోనూ పెద్ద అంకెలే ఉన్నాయి. అన్నిట్లోకీ చిన్న అంకెలు వెండిపెట్టెవి. ఇన్నాళ్లూ కంటికి నచ్చింది తాగాను. ఇకమీదట లెక్క చూసి తాగుతాను.

4, మంగళవారం

బావమరిది సిగరెట్ మానేశాడు.

ఇది వాడే వచ్చి చెప్పాడు. నిన్న ఆ కాగితం చూసి ఇంటికెళ్లి ఉన్న పెట్టె బకెట్లో ముంచేశాడట. వాడు మా ఆవిడ తమ్ముడు, పక్కవీధిలో ఉంటాడు, నగరం బ్యాండులో ట్రంపెట్ ఊదుతాడు. బ్యాండుకి కొత్త మాస్టారు వచ్చాడు. ముప్పయ్యో తారీఖున ఊదేవాళ్లందరికీ పరీక్ష. ఒక్క ఊపిరి మీద ఒకే స్వరం పట్టుకుని ఇరవై అయిదు లెక్కపెట్టేదాకా నిలబడాలి. నిలబడనివాళ్లు ముందు వరస ఖాళీ చెయ్యాలి. వాడు పంతొమ్మిది దగ్గరే ఆగిపోతున్నాడు. ముప్పయ్యేళ్లుగా ముందు వరసలో కూర్చున్నవాడు. ఆ కుర్చీ పోతే బతకలేనని అనలేదు గాని, ఆ మాట అనడం కోసమే నోరు తెరిచి మూశాడు.

మంచిదే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

వెనకవైపు మెట్ల మీద సాయంత్రాలు మేమిద్దరం కూర్చోవడం ఇవాళ్టిది కాదు, మా పెళ్లినాటి నుంచీ. నేను కింది మెట్టు, వాడు పై మెట్టు. చెరో సిగరెట్ వెలిగించి తెలిసినవాళ్లందరినీ ఒక్కొక్కరినీ ఉతికి ఆరేసేవాళ్లం. ఇవాళ వాడు నీళ్లసీసా పట్టుకొచ్చాడు. నీళ్లు తాగేవాడి ఎదురుగా కూర్చుని ఎవరి మీదైనా చాడీలు చెప్పడం ఎంత కష్టమో ఇవాళే తెలిసింది.

5, బుధవారం

ఎర్రపెట్టెలో ఇంకా పదకొండున్నాయి. వస్తువు వృథా చేయడం నా పద్ధతి కాదు. అవయ్యాక వెండిపెట్టె.

6, గురువారం

అయిపోయాయి. శుభకార్యం ఆలస్యం కాకూడదని కాస్త తొందరపడ్డాను.

7, శుక్రవారం

వెండిపెట్టె కొనేముందు ఒక ఆలోచన వచ్చింది. పచ్చపెట్టెలో ఫార్మాల్డిహైడ్ తక్కువ, బెంజీన్ ఎక్కువ. నీలంపెట్టె దానికి తలకిందులు. నీలం ఎక్కువైన రంగులో పసుపు వేసి దారికి తెచ్చేది ఎవరు? నేనే కదా. రెండు పెట్టెల పొగాకూ సమానంగా తీసి రంగులు కలిపే గిన్నెలో బాగా కలిపి మళ్లీ ఖాళీ సిగరెట్ గొట్టంలో కూరాను. మా ఆవిడ వచ్చి ఏం చేస్తున్నారని అడిగింది. రెండింటికీ మధ్యరంగు తీస్తున్నానన్నాను. వెలిగిస్తే నిప్పుతో సహా పొగాకు చొక్కా మీద పడింది. జేబు కింద రూపాయంత కన్నం.

పైగా లెక్క కట్టి చూస్తే ఎంత కలిపినా వెండిపెట్టె కంటే ఎక్కువే వస్తోంది. ఇంత కలిపే పని లేకుండా ఈ ముక్క ముందే తోచుండాల్సింది.

9, ఆదివారం

వెండిపెట్టె మొదలు. కిటికీ తెరిచి గాలి పీల్చినట్టుంది. ఎర్రపెట్టె రోజుకి తొమ్మిది తాగేవాణ్ణి, ఇది పద్నాలుగైంది. అయినా చిన్న అంకెని పద్నాలుగుతో హెచ్చవేస్తే పెద్ద అంకెని తొమ్మిదితో వేసినదానికంటే తక్కువే. అంటే అయిదు ఎక్కువ తాగి కూడా లాభంలోనే ఉన్నాను.

11, మంగళవారం

కంపెనీ మోసం పట్టుకున్నాను.

రంగు వడగట్టే గుడ్డకి సూదిమొనంత చిల్లి ఉన్నా నా కంటికి దొరుకుతుంది. అలాగే ఇవాళ ఒక వెండి సిగరెట్‌ని షాపు కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాను. ఫిల్టర్ చుట్టూ వరసగా సన్న కన్నాలు! అటునుంచి గాలి జొరబడుతోంది. రుచి ఉండమంటే ఎక్కడుంటుంది? చేతివాటం సరిగ్గాలేని పనివాళ్లు చేసిన సరుకు. మా వ్యాపారంలో ఇలాంటిది వస్తే మర్నాడే వెనక్కి పంపేస్తాం.

వెనక్కి పంపే ఓపిక లేక నేనే మరమ్మతు చేశాను. కిటికీ అంచులకి రంగు అంటకుండా అతికించే కాగితం టేపు సన్నగా కత్తిరించి కన్నాల మీదుగా ఒక్క చుట్టు చుట్టాను. ఆహా. నిండు రుచి. రుచి ఎర్రపెట్టెది, అంకె వెండిపెట్టెది. ఇంతమంది తాగుతున్నారు, ఒక్కడికీ తట్టలేదు.

12, బుధవారం

బావమరిది ఇరవై మూడు లెక్కపెట్టేదాకా పట్టాడట. మా ఆవిడే ఎదురుగా కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టి వచ్చింది. వచ్చాక రెండు గ్లాసులు మంచినీళ్లు తాగింది, ఊదింది తనే అన్నట్టు. తర్వాత నాకేసి తిరిగింది.

"మీరు మానరు, సరే, మీతో వేగడం నాకు అలవాటే. వాడి జోలికి మాత్రం పోకండి."

నేనేం చేశాను? వాడి జోలికి వెళ్లాల్సిన అవసరం నాకేముంది?

14, శుక్రవారం

సాయంత్రం వాడు వచ్చి పై మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్లసీసా. చాలాసేపు ఇద్దరం గోడని చూశాం. ఆ గోడకి నేనే పూత వేశాను, చూడటానికందులో ఏమీ లేదు.

మానడానికి కారణం సీసం అనే మాటేనట. ఆ కాగితం మీద ఆ ఒక్క మాట చూడగానే ఊపిరితిత్తుల్లో సీసపు పైపులు బిగిస్తున్నట్టు అనిపించిందట. నవ్వొచ్చింది నాకు. సీసంతో నాకున్న పరిచయం చెప్పాను. ఆ పైన కాడ్మియం. ఆ పైన మా పాత పనివాడి కథ చెప్పాను. ఒక ఎండాకాలం మంచినీళ్లనుకుని గ్లాసుడు థిన్నర్ తాగేసి, రెండు రోజులు ఎక్కిళ్లు పెడుతూ నిచ్చెన మీద ఒక్కో ఎక్కిలికీ గోడ మీద ఒక్కో గీత గీశాడు. ఆ ఇంటి యజమాని ఆ గీతలు డిజైను అనుకుని ఉంచెయ్యమన్నాడు. బావమరిది పడిపడి నవ్వాడు. పది రోజుల తర్వాత వాడి నవ్వు విన్నాను.

వెండిపెట్టె సంగతి, అంకెల సంగతి, టేపు సంగతి అన్నీ వివరంగా చెప్పాను. సైన్సు కాబట్టి చెప్పాను.

"కెమికల్స్ సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు బావా," అన్నాడు.

ఒకటి తీసుకున్నాడు. నేనివ్వలేదు. పెట్టె ముందుకి చాపాను, అది మర్యాద. తీసుకున్నది వాడు.

15, శనివారం

రెండు తీసుకున్నాడు. వాళ్ల బ్యాండు మాస్టారిని, మా షాపు యజమానిని, ఆ ఇద్దరి వియ్యంకుల్నీ ఒక్క సాయంత్రంలో ఉతికేశాం. చక్కటి రోజు.

17, సోమవారం

భోజనాల వేళ షాపులో కూర్చుని ఇరవై సిగరెట్లకీ టేపు చుట్టాను, పది నాకు, పది వాడికి. యజమాని వచ్చి అంత చిన్న కిటికీలు ఎవరింట్లో ఉన్నాయని అడిగాడు. బొమ్మరిల్లు ఆర్డరు అన్నాను.

19, బుధవారం

వాడు మళ్లీ పంతొమ్మిది. మాస్టారు లెక్క మెల్లిగా పెడుతున్నాడేమో అన్నాడు. అయ్యుండొచ్చన్నాను. కొంతమంది లెక్కలు మెల్లిగానే పెడతారు. మా చిన్నప్పటి లెక్కల మాస్టారు ఏడు తర్వాత ఎనిమిది అనేలోపు మేం బయటికెళ్లి వచ్చేవాళ్లం.

మా ఆవిడ నాకేసి చూసింది. వాతావరణం గురించి మాట్లాడాను.

20, గురువారం

రాయడానికేమీ లేదు.

22, శనివారం

పదిహేడు. కాలం మారుతోంది కదా, గాలి బరువెక్కుతుంది, ఇత్తడి కూడా బిగుసుకుంటుంది. ఈ విషయం మీద చెరి మూడు సిగరెట్లు కాల్చి ఇద్దరం ఒకే అభిప్రాయానికి వచ్చాం.

వాడు పై మెట్టు ఎక్కేటప్పుడు కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇది వాతావరణం కింద రాయాలో లేదో తెలియడం లేదు.

24, సోమవారం

ఆరోగ్యశాఖ అమ్మాయి వచ్చి ఆ కాగితం పక్కనే చిన్న బల్ల వేసుకుని కూర్చుంది. ఇది చూశాక ఎవరెవరు ఏ పెట్టె మార్చారో అడిగి రాసుకుంటోంది. చాలామంది నాలాగే వెండిపెట్టెకి మారారట. నేను నా వంతు వచ్చేదాకా ఆగలేక ముందుకెళ్లి, కంపెనీ కన్నాల మోసం, దానికి నేను చేసిన మరమ్మతు అంతా చెప్పి, టేపు చుట్టిన సిగరెట్ బల్ల మీద పెట్టాను. నా పేరు ఎక్కడైనా రాసుకుంటుందని ఆశపడ్డాననే చెప్పాలి.

ఆ అమ్మాయి మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. నవ్వుతుందనుకున్నచోట నవ్వలేదు.

ఆ అంకెలు మనిషి తాగి చెప్పినవి కావట. ఒక యంత్రం పీలుస్తుందట. యంత్రానికి వేళ్లు లేవు, పెదాలు లేవు. అది పీలిస్తే కన్నాల్లోంచి గాలి వచ్చి పొగని పల్చన చేస్తుంది. ఆ పల్చన పొగ కొలిచి అంకె వేస్తారు. మనిషి చేతిలోకి వచ్చేసరికి సగం కన్నాలు వేళ్ల కింద, పెదాల కింద మూసుకుపోతాయి. రుచి చాలదని గట్టిగా లాగుతాడు, ఇంకో రెండు ఎక్కువ కాలుస్తాడు.

"ఆ చిన్న అంకె ఆ కన్నాలదే తాతగారూ. మీరు వాటినే మూసేశారు."

నలభై ఏళ్లు రంగులు కలిపినవాణ్ణి. పల్చన చేసిన రంగులోంచి థిన్నర్ తీసేసి, డబ్బా మీద పల్చన అని రాసుంది కదా అనుకుంటూ గోడకి పూస్తున్నాను.

పోనీ వీటిలో మంచిది ఏదో చెప్పమన్నాను. ఈ పట్టిక మంచి పెట్టె ఎంచుకోవడానికి వేసింది కాదంది. అందరూ అలాగే చదువుతున్నారని కూడా అంది, కొంచెం అలసటగా. ఈ రసాయనాలన్నీ తెలిసినవే అంటున్నారు కదా, షాపులో వాటితో ఎలా ఉంటారని అడిగింది. థిన్నర్ గదిలో ఫ్యాన్ లేకుండా పని చెయ్యం, తలుపు మూసుకుని పది నిమిషాలు కూర్చోం అన్నాను. అన్నాక అక్కడినుంచి వచ్చేశాను. ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. నా పేరు మాత్రం కాదు.

25, మంగళవారం

వాడితో చెప్పేశాను. అంటే, షాపులో టేపు స్టాకు అయిపోయిందని చెప్పాను.

26, బుధవారం

వాడే వేరే షాపులో టేపు కొనుక్కొచ్చాడు. నాకంటే నీటుగా చుడుతున్నాడు.

27, గురువారం

చెప్పాను.

మొదలుపెట్టడమే ఆరోగ్యశాఖ అమ్మాయి కళ్లజోడు గురించి మొదలుపెట్టాను. అది ఎలా జారిపోతూ ఉంటుందో, దాన్ని తోసుకోవడంలో ఎంత టైము పోతుందో. వాడు సిగరెట్ చేతిలో పట్టుకుని వింటున్నాడు. కళ్లజోడు అయిపోయింది. ఇంక చెప్పడానికి అసలు విషయం తప్ప ఏమీ మిగల్లేదు. యంత్రం సంగతి, కన్నాల సంగతి, టేపు సంగతి చెప్పాను. సోమవారమే తెలిసిందని కూడా చెప్పాను.

వాడు సిగరెట్ ఆర్పలేదు. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అది దానంతటదే వేళ్ల దాకా వచ్చింది.

"ఆ కాగితం చూసి నాకు భయమేసింది బావా. ఆ భయం నాకు పనికొస్తుండేది. ఇరవై మూడు దాకా లాక్కొచ్చింది. నువ్వు కథలు చెప్పి దాన్ని పట్టుకుపోయావు. నాది నాకివ్వు."

నేనొక హాస్యం ఆడబోయాను. వాడు చెయ్యెత్తాడు, బ్యాండులో మాస్టారు ఆపినట్టు.

అప్పుడు మా పాత పనివాడి కథలో మిగతాది చెప్పాను. ఎక్కిళ్లు రెండు రోజులకి తగ్గాయి. మూడో రోజు నిచ్చెన దిగుతూ, గదిలో పొగమంచు పట్టిందేమిటని అడిగాడు. ఆరు రకాల తెలుపు పక్కపక్కన పెడితే ఏది ఏదో పేరుపెట్టి చెప్పేవాడు. ఆ వారం తర్వాత వాడికి నలుపూ తెలుపూ ఒకటే. నాకు రంగులు చూడటం నేర్పింది వాడే. ఈ సగం నేను ఎవరికీ చెప్పను. మొదటి సగం మీద జనం బాగా నవ్వుతారు.

ఎందుకు చేశావు బావా అన్నాడు చివరికి. సైన్సు అనలేకపోయాను. మెట్ల మీద ఒక్కణ్ణే కాల్చుకుంటూ కూర్చోలేక అన్నాను.

"నీళ్లసీసాతోనైనా వస్తూనే ఉన్నాను కదా."

అది నిజం. పది రోజులూ వచ్చాడు.

28, శుక్రవారం

ఇవాళ రాలేదు. మా ఆవిడకి అంతా తెలిసింది. కంచం బల్ల మీద పెట్టాల్సినంత కంటే గట్టిగా పెట్టింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇలాగే పెట్టింది, అప్పుడు కారణం కందిపప్పు. ఆ కథ రాయాలని లేదు.

30, ఆదివారం

పరీక్ష అయింది. ఇరవై ఒకటి. మూడు రోజులు ఒక్కటీ ముట్టకుండా వెళ్లాడట. ఇంకో వారం గడువుంటే ఇరవై అయిదూ వచ్చేసేదే అని మా ఆవిడ అంది. ఏ వారం పోయిందో అనలేదు.

మాస్టారు చెడ్డవాడు కాదు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. ఈలోగా వెనక వరసలో నిలబడి ఇత్తడి పళ్లేల్లాంటి పెద్ద తాళాలు కొట్టమన్నాడు.

7, ఆదివారం (కొత్త నెల)

సాయంత్రం పార్కులో బ్యాండు. మా ఆవిడా నేనూ వెళ్లాం. వాడు చివర డ్రమ్ముల పక్కన రెండు తాళాలూ పొట్టకి ఆనించుకుని నిలబడ్డాడు. అంత పొడుగు పాటలో వాడికి రెండే రెండు దెబ్బలు. ముందు వరసలో వాడి కుర్చీలో ఎవరో కుర్రాయన, బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నాడు. బాగానే ఊదుతున్నాడు. బాగా ఊదడం చూడటం కొంచెం కష్టంగానే ఉంది.

పాట చివర ఒకచోట అందరూ ఆగుతారు. ఊపిరి బిగబట్టినట్టు పార్కంతా నిశ్శబ్దం. అక్కడ వాడి దెబ్బ పడాలి. వాడు తాళాలు పైకెత్తాడు. సరిగ్గా ఆ క్షణాన నాకు దగ్గొచ్చింది. ఆపుకోబోయాను, ఆపుకునే కొద్దీ లోపలినుంచి తవ్వుకొచ్చింది. మా ముందు రెండు వరసలూ వెనక్కి తిరిగి చూశాయి. మాస్టారు చెయ్యి గాలిలోనే ఆగింది. దగ్గు అయ్యాక తాళాలు మోగాయి.

అయిపోయాక వాడే మా దగ్గరికొచ్చాడు. ఇరవై ఏడో తారీఖు తర్వాత ఎదురుపడటం ఇదే.

"నా ఉద్యోగం నువ్వు చేసేస్తే ఎలా బావా," అన్నాడు.

ముగ్గురం కలిసి ఇంటికొచ్చాం. వాడు ట్రంపెట్ పెట్టె కూడా తెచ్చుకున్నాడు, రోజూ సాధన చేస్తున్నాడట. మెట్ల మీద కూర్చుని ట్రంపెట్ తీసి నా చేతికిచ్చాడు. ఊదు అన్నాడు. నాకు రాదన్నాను. రాగం అక్కర్లేదు, చప్పుడు చాలు, పట్టుకుని ఉండు అన్నాడు. పెదాలు ఎలా బిగించాలో చూపించాడు. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి మేక అరిచినట్టు వచ్చింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పైకే, వేళ్ల మీద, మెల్లిగా కూడా కాదు.

ఏడు.

ఆ తర్వాత మెట్టు మీద వంగి చాలాసేపు దగ్గాను. వాడు నా వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. దగ్గు తగ్గాక, నీకు తాళాలు కూడా ఇవ్వరు బావా అన్నాడు. నవ్వాను. రేపు కూడా ట్రంపెట్ తీసుకొస్తానన్నాడు.

ఇవాళ కాల్చినవి నాలుగు. ఊదినది ఏడు. గాలి బరువు గురించి, నా వయసు గురించి, కొత్తవాళ్లకి ఇత్తడి ఎంత ఎదురు తిరుగుతుందో దాని గురించి ఇక్కడ రాయబోయాను. ఏడంటే ఏడే.